22 నెలల పాపతో అరకులో కొండ సైకిళ్ళు: తీసుకెళ్ళవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. పెళ్ళికి ముందు నుంచీ నాకూ మావారికీ కొండదారుల్లో గేరు సైకిళ్ళు తొక్కడం అలవాటు. పాప పుట్టిన తర్వాత రెండు సైకిళ్ళూ బాల్కనీ దాటలేదు. పాపకిప్పుడు 22 నెలలు, 11 కిలోల బరువుంది. డిసెంబరు చివరి వారంలో మూడు రోజులు అరకు వెళ్ళి, తనివితీరా సైకిలు తొక్కి రావాలని అనుకుంటున్నాం. వెనక చక్రం మీద పిల్లల సీటు బిగించి పాపను కూడా కొండబాటల్లో తిప్పుదామని మావారు అంటున్నారు. పసిబిడ్డను సైకిలెక్కించి కొండల్లో తిప్పుతారా అని అత్తయ్యగారు కోప్పడుతున్నారు. పాపను విజయనగరంలో మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాలా, వెంట తీసుకెళ్ళాలా, లేక ఇంకో రెండేళ్ళు ఈ ఊసే ఎత్తకుండా ఉండాలా?

సమాధానం: వెళ్ళండి, పాపను తీసుకునే వెళ్ళండి, కానీ పాపను కొండబాటలో సైకిలు ఎక్కించకండి. మీరిద్దరూ కలిసి కాకుండా వంతులవారీగా తొక్కండి. మొదటి వంతు మీదే కావాలి. ఈ చివరి మాట మర్యాద కోసం చెప్పినది కాదు, దాని కారణం కిందికి వెళ్ళిన కొద్దీ తెలుస్తుంది.

ముందుగా సీటు విషయం తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో వాదమంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టుంది. వెనక బిగించే పిల్లల సీట్లు చాలావరకు 22 కిలోల వరకు, ముందు హ్యాండిల్ దగ్గర బిగించేవి 15 కిలోల వరకు మోసేలా తయారవుతాయి. మీ పాప బరువును బట్టి చూస్తే రెండూ సరిపోతాయి, బహుశా మీవారు కూడా ఈ లెక్కే చూసి ఉంటారు. అయితే ఆ సీట్లను తారు రోడ్డు మీద, చదునైన దారిలో, నెమ్మదిగా వెళ్ళే సైకిలును దృష్టిలో పెట్టుకుని చేస్తారు. రాళ్ళూ వేళ్ళూ తేలిన బాటలో తొక్కే మనిషి పెడళ్ళ మీద నిలబడి, మోకాళ్ళూ మోచేతులూ వంచి ప్రతి కుదుపునూ తన ఒంట్లోనే ఇముడ్చుకుంటాడు. సీటుకు కట్టేసి ఉన్న పాపకు ఆ వీలు లేదు, ప్రతి కుదుపూ నేరుగా వెన్నుకూ మెడకూ అందుతుంది. రెండేళ్ళ వయసులో తల ఒక్కటే శరీరం పొడవులో దాదాపు ఐదో వంతు ఉంటుంది, దాన్ని మోసే మెడ కండరాలు ఇంకా బలపడుతూనే ఉంటాయి, వాటిమీద మళ్ళీ హెల్మెట్ బరువు కూడా చేరుతుంది. చదునైన రోడ్డు మీద ఇవన్నీ ఓర్చుకోదగినవే, గంటసేపు గతుకుల్లో కాదు.

దీనికి తోడు పదకొండు కిలోల పాప, మూడు నాలుగు కిలోల సీటు వెనక చక్రానికి పైన, ఎత్తులో కూర్చోవడం వల్ల బండి బరువు పైకి చేరుతుంది. నిటారుగా ఎక్కేచోట ముందు చక్రం తేలిపోతుంది, మలుపులో బండి అనుకున్న దానికంటే ఎక్కువగా ఒరుగుతుంది. ఒరిగిన బండిని నిలబెట్టడానికి పెద్దవాళ్ళు కాలు కింద పెట్టినా సరే, పాప మాత్రం మీటరు ఎత్తు నుంచి పక్కకు పడుతుంది. మీ సైకిళ్ళకు వెనక కూడా సస్పెన్షన్, అంటే కుదుపులను మింగే స్ప్రింగు, ఉంటే చాలా సీట్లు వాటికి అసలు బిగించకూడదు, ఫ్రేము కార్బన్‌దైతే తయారీదారులే వద్దంటారు. వీపున సంచిలో బిడ్డను కట్టుకుని తొక్కుదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే దాన్ని అక్కడే ఆపేయండి. పడినప్పుడు తొక్కేవారి బరువంతా బిడ్డ మీదో, బిడ్డ తల నేల మీదో పడుతుంది. పిల్లల వైద్యులు ఏ దారిలోనూ దీన్ని ఒప్పుకోరు.

మోటారు సైకిళ్ళ విషయంలో కేంద్ర ప్రభుత్వం 2022లో నిబంధనలు సవరించి, 9 నెలల నుంచి 4 ఏళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్‌నూ, నడిపేవారికి కలిపి కట్టే బెల్టునూ, గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగాన్నీ తప్పనిసరి చేసింది. కాలితో తొక్కే సైకిలుకు అలాంటి నియమం లేదు కనుక జాగ్రత్త పూర్తిగా తల్లిదండ్రుల వివేకానికే మిగిలింది. అత్తయ్యగారి కోపంలో సగం న్యాయం ఉందని నేను అనడం అందుకే. మిగిలిన సగం, అంటే అసలు సైకిళ్ళే వద్దనడం, న్యాయం కాదు.

సీటు ఇప్పటికే కొని ఉంటే దాన్ని పారేయనక్కరలేదు, దానికి విశాఖలోనే తగిన చోటుంది. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో కొంత దూరం వాహనాలను ఆపి నడిచేవారికి వదిలేస్తారు కదా, ఆ నున్నటి దారిలో, ఆ వేళలో, ఇరవై నిమిషాలు పాపను కూర్చోబెట్టి తిప్పితే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. సీటు తలభాగం ఎత్తుగా ఉంటే హెల్మెట్ వెనకభాగం దానికి తగిలి పాప తలను ముందుకు నెడుతుంది, కాబట్టి హెల్మెట్ పెట్టి కూర్చోబెట్టి చూసిన తర్వాతే సీటు ఖాయం చేసుకోండి. హెల్మెట్ అంచు కనుబొమలకు రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరాలి. పాప దిగి ఆడుకోవడానికి పరుగెత్తగానే హెల్మెట్ తీసేయండి, జారుడుబల్లల సందుల్లో పట్టీ ఇరుక్కుంటే మెడకు ఉరిలా బిగుసుకుంటుంది. పాప కూర్చుని ఉండగా సైకిలును స్టాండు మీద వదిలి పక్కకు తిరగకండి. కదులుతున్న బండికంటే నిలబడి ఉన్న బండి ఒరిగిపోవడం తేలిక. పాప నిద్రలోకి జారితే తొక్కడం ఆపేయాలి, వాలిపోయిన తలతో ప్రయాణం మంచిది కాదు.

ఇక పాపను మీ అమ్మగారి దగ్గర వదిలి వెళ్ళే ఆలోచన తప్పేమీ కాదు. విజయనగరం దగ్గరే, అమ్మమ్మ కొత్త మనిషి కాదు. కానీ మీ ఉత్తరంలో ఒక్కచోట కూడా పాప లేకుండా వెళ్ళాలని ఉంది అన్న ధ్వని నాకు వినిపించలేదు. ఇద్దరూ కలిసి రోజంతా తొక్కడమే మీకు ముఖ్యమైతే వదిలి వెళ్ళడమే నిజాయితీ గల మార్గం, అప్పుడు పాప పేరు చెప్పి రోజుకు ఆరుసార్లు వీడియో కాల్ చేసుకుని రెండింటికీ చెడకండి. ఇంతవరకు మీరు లేకుండా ఒక రాత్రయినా పాప అక్కడ పడుకోకపోతే మాత్రం మూడు రాత్రుల ప్రయాణంతో ఆ అలవాటు మొదలుపెట్టవద్దు. ఈ వయసు పిల్లలకు తల్లి కనుమరుగైతే కలిగే బెంగ గట్టిగానే ఉంటుంది.

నాకు తోచిన మంచి మార్గం వేరే ఉంది. మీ అమ్మగారినో అత్తయ్యగారినో, వీలుంటే అత్తయ్యగారినే, అరకు రమ్మని పిలవండి. పాపను చూసుకోవడానికి రండి అని పిలిస్తే అది పని అవుతుంది. అరకు చూద్దురు గాని రండి, పాపను సైకిలు మీద కొండ ఎక్కించబోమని మేమిద్దరం అనుకున్నాం అని పిలిస్తే వారి మాటకు విలువ ఇచ్చినట్టవుతుంది. ఆ మాట మీరు కాక మీవారు చెప్పాలి, వారి అమ్మగారితో వాదం వారిదే కనుక. పెద్దవారు వస్తే మూడు రోజుల్లో ఒక్క పూట మీరిద్దరూ కలిసి రెండు గంటలు తొక్కే వీలు కలుగుతుంది. ఒక్క పూట మాత్రమే, అదీ పాప పగటి నిద్రకు కళ్ళు వాలుస్తున్న వేళకు బయలుదేరి, లేచే వేళకు తిరిగి వచ్చేలా. వసతి గృహంలోని సిబ్బంది ఎంత మంచివారైనా పాపను వారికి అప్పగించి వెళ్ళకండి.

పెద్దవారు రాకపోయినా ప్రయాణం ఆగనక్కరలేదు, వంతులు ఉన్నాయి. వంతులు అనగానే అందరూ సరేనంటారు గాని, అవి చెడేది ఎక్కడో ముందే తెలిసి ఉండాలి. మన ఇళ్ళలో నాన్న వంతు గడియారం ప్రకారం జరిగిపోతుంది, అమ్మ వంతు వచ్చేసరికి పాప ఏడుస్తుంది, లేదా పాలు తాగదు, లేదా అమ్మే కావాలంటుంది, సరే రేపు తొక్కుదాంలే అని అమ్మే స్వయంగా మానుకుంటుంది. రెండో రోజు కూడా అదే జరిగితే మూడో రోజుకు ప్రయాణం అయిపోతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, అలవాటు చేసే పని ఇది. అందుకే మొదటి రోజు మొదటి వంతు మీరు తీసుకోవాలి. ఆ పూట మీవారు పాపతో ఒంటరిగా రెండున్నర గంటలు గడిపితే తర్వాతి రోజుల వంతులన్నీ వాటంతట అవే కుదురుకుంటాయి. పాప మొదటి పది నిమిషాలు ఏడిస్తే ఏడవనివ్వండి, నాన్న దగ్గర ఏడవడం ఆపదేమీ కాదు. ఇంకో షరతు కూడా పెట్టుకోండి. తొక్కడానికి వెళ్ళినవారికి డైపర్లు ఎక్కడున్నాయి, జావలో బెల్లం వేయాలా వంటి ప్రశ్నలతో ఫోన్ చేయకూడదు. వెళ్ళినవారు కూడా చెప్పిన వేళకు పావుగంట ముందే గదిలో ఉండాలి, ఇంకొక్క మలుపు చూసి వస్తానన్న మాట ఈ మూడు రోజులకు నిషేధం.

వేళల సంగతి పాప నిద్రను బట్టి అల్లుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో అరకులో పొద్దున పొగమంచు దట్టంగా పడుతుంది. తెల్లవారకముందే దీపాలు పెట్టుకుని బయలుదేరాలని మీకు ఉబలాటం ఉండవచ్చు, కానీ ఆ మంచులో మలుపు తిరిగే బస్సుకు సైకిలు కనబడదు. దారి స్పష్టంగా కనిపించిన తర్వాత, ఏడు ఏడున్నర ప్రాంతంలో ఒకరు బయలుదేరి పది లోపు తిరిగి రావడం ఒక వంతు. మధ్యాహ్నం పాప అన్నం తిని నిద్రపోయిన తర్వాత రెండింటికి బయలుదేరి నాలుగున్నరకు తిరిగి రావడం రెండో వంతు. సాయంత్రం ఐదున్నరకే కొండల మధ్య చీకటి చిక్కబడుతుంది కనుక దాన్ని పొడిగించే ప్రశ్నే లేదు. పొద్దుటి వంతు చల్లగా హాయిగా ఉంటుంది, మధ్యాహ్నపుది ఎండలో, సగం మనసు గదిలోనే పెట్టుకుని వెళ్ళాల్సినది. అందుకే ఒక రోజు పొద్దున తొక్కినవారు మరుసటి రోజు మధ్యాహ్నం తొక్కాలి.

మీరు అనుకున్న డిసెంబరు చివరి వారం నాకు నచ్చలేదు. క్రిస్మస్ సెలవులకూ కొత్త సంవత్సరానికీ మధ్య అరకు రోడ్డు కార్లతో కిక్కిరిసి ఉంటుంది, గదుల అద్దెలు పెరుగుతాయి, ఘాట్ రోడ్డులో బండ్లు గంటల తరబడి నిలిచిపోతాయి, కారులో కట్టేసిన పాపకు అది నరకం. డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో గాని, సంక్రాంతి రద్దీ తగ్గిన తర్వాత జనవరి చివర గాని, సోమవారం నుంచి గురువారం మధ్యలో పెట్టుకోండి. ఇద్దరికీ సెలవు దొరకడం కష్టమే, అయినా శనివారం కంటే సోమవారానికే సెలవు అడగడం ఈ ప్రయాణానికి చేసే పెద్ద మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతుంటాయి కనుక అప్పుడు పెట్టుకుంటే చివరి నిమిషంలో మానుకోవడానికి కూడా సిద్ధపడాలి.

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటిన తర్వాత ఘాట్ మొదలై టైడా, అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా సాగుతుంది. ఘాట్‌లో సైకిలు తొక్కాలన్న కోరిక మీవారికి ఉంటే పాప పెద్దయ్యాక తీర్చుకోవచ్చు, ఈసారి సైకిళ్ళు కారులోనే కొండ ఎక్కాలి. ముందు చక్రాలు విప్పి కారు లోపల పెడితే తాళ్ళతో గట్టిగా బిగించండి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వదులుగా ఉన్న సైకిలు పాప సీటు మీదికి దూసుకువస్తుంది. కారు వెనక స్టాండుకు తగిలిస్తే నంబరు పలకా వెనక దీపాలూ మూసుకుపోకుండా చూడండి. పాప కారు సీటులోనే కూర్చోవాలి, ఒడిలో కాదు. రెండేళ్ళ లోపు పిల్లలకు మలుపుల వాంతులు సాధారణంగా తక్కువే, మీ పాప ఆ గీత దగ్గరే ఉంది కనుక ఘాట్‌కు ముందు కడుపునిండా పాలు పట్టకుండా ఉంటే చాలు. దిగేటప్పుడు చెవులు మూసుకుపోయి చిరాకు పడితే నీళ్ళో పాలో గుక్కగుక్కగా తాగించండి.

ఇంకో దారి కూడా ఉంది, పెద్దవారు వెంట వస్తే నేను దానికే మొగ్గుతాను. విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలు సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుతుంది, దారిలో సొరంగాలు యాభైకి పైగా వస్తాయి, 2017 నుంచి దానికి అద్దాల విస్టాడోమ్ పెట్టె కూడా తగిలిస్తున్నారు. సైకిళ్ళు, సామాను ఒకరు కారులో తీసుకువెళ్ళి, మిగిలినవారు పాపతో రైల్లో వెళ్తే పాపకు కాళ్ళు చాచుకునే చోటుంటుంది, ప్రతి సొరంగమూ ఒక ఆట అవుతుంది. సైకిళ్ళను రైల్లో సామానుగా బుక్ చేసుకునే వీలున్నా, పాపతో పార్సిల్ ఆఫీసు చుట్టూ తిరగడం ఎందుకు? విస్టాడోమ్ టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే చూసుకోండి.

వసతి అరకు ఊరికి దగ్గరలోనే, పాప నేల మీద తిరగడానికి ఖాళీ స్థలం ఉన్న చోట తీసుకోండి. పర్యాటక సంస్థ హరిత రిసార్టులు గాని, అలాంటి ఆవరణ ఉన్న వేరే వసతి గాని సరిపోతుంది. లోయ అంచున గుడారాలు ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా 22 నెలల పాపకు అవి వద్దు, చలి ఒక కారణం, అంచు ఇంకో కారణం. గదిలో ఉండేవారికి కూడా పూట గడిచే చోటు దగ్గరలో ఉండాలి, లేకపోతే వారి వంతు శిక్షగా మారుతుంది. పద్మాపురం తోటలో బొమ్మ రైలుంది, గిరిజన మ్యూజియం నడక దూరంలోనే దొరుకుతుంది, ఈ రెండూ ఈ వయసుకు సరిపోతాయి. చాపరాయి దగ్గర నీళ్ళు పారే బండరాయి పాచిపట్టి జారుతుంది, ఒక్కరే ఉండి పాపను తీసుకుని అక్కడికి వెళ్ళవద్దు. బొర్రా గుహల మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగించుకోవడం కంటే పాప నాలుగేళ్ళదయ్యాక వెళ్ళడం మేలు.

పెడళ్ళు లేని చిన్న సైకిళ్ళు దొరుకుతున్నాయి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయేవి. ఏడాదిన్నర దాటిన పిల్లలు వాటిని నడపగలరు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత ఎత్తులో ఉండాలి. అలాంటిది ఒకటి వెంట తీసుకువెళ్ళండి. ఈ ప్రయాణంలో పాప తొక్కే సైకిలు అదే, గది ముందరి పచ్చిక చాలు.

ఇక మీ సంగతి. రెండేళ్ళు బాల్కనీలో నిలబడిన సైకిలును నేరుగా కొండకు తీసుకువెళ్ళవద్దు. సముద్రపు గాలికి విశాఖలో గొలుసులు, బ్రేకు తీగలు తుప్పు పట్టడం మీకు తెలియనిది కాదు. టైర్ల పక్కభాగాల్లో పగుళ్ళు, బ్రేకు ప్యాడ్ల మందం, గేర్లు మారే తీరు చూపించుకోండి. అరకులో మోటారు సైకిళ్ళకు పంక్చర్లు వేసే షాపులు ఉంటాయి గాని కొండ సైకిళ్ళకు సరిపోయే 27.5, 29 అంగుళాల ట్యూబులు దొరకవనుకుని ఒక్కో సైకిలుకు రెండేసి ట్యూబులు, గొలుసు లింకు, చిన్న పంపు సంచిలో పెట్టుకోండి. కొండల మీద ఎర్రమట్టీ గులకరాళ్ళూ కలిసి ఉంటాయి, ఎండినప్పుడు ఆ గులకరాళ్ళు చక్రం కింద దొర్లుతాయి, తడిస్తే మట్టి టైరుకు ముద్దకడుతుంది. దిగుడులో ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టే అలవాటు మీకు పూర్వం ఉండకపోవచ్చు, రెండేళ్ళ విరామం తర్వాత భయంతో చేయి అదే పని చేస్తుంది. మొదటి రోజు లోయలోని చదునైన ఊరి మట్టిరోడ్లకే పరిమితం కండి.

ఒంటరిగా తొక్కుతున్నారు కనుక దారి ముందే అనుకుని గదిలో ఉన్నవారికి చెప్పి వెళ్ళాలి, ఆ దారి మార్చకూడదు. లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉన్నట్టుండి పోతుంది. చెప్పిన వేళకు గంట దాటినా రాకపోతే ఏం చేయాలో, ఎవరి సాయం అడగాలో వసతివారితో ముందే మాట్లాడుకోండి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్ళే బాటలకు అటవీ శాఖ అనుమతి అడగండి. చలికాలమంతా కాఫీ కోతల కాలం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కనిపించే ఆ సన్నని దారులు సైకిళ్ళ కోసం వేసినవి కావు, పండ్ల బస్తాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు దిగుతుంటారు, వారికి మీరే దిగి దారివ్వాలి. ఊళ్ళలో కుక్కలు వెంటపడితే వేగం పెంచడం కంటే దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య పెట్టి నడవడం మంచిది.

పాపకు చలి విషయంలో ఒక్క మాట చెప్పాలి. సైకిలు తొక్కి వచ్చినవారికి చెమట పట్టి ఉంటుంది, వారు చలి లేదంటారు, వారి మాట నమ్మకండి. పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూసుకోండి. తిండికి చోడి (రాగి) జావ, పప్పన్నం, పెరుగన్నం, అరటిపళ్ళు చాలు, బొంగు చికెన్ కారం పెద్దవాళ్ళకే వదిలేయండి. ఏజెన్సీలో మలేరియా ఉంది కనుక సాయంత్రం నుంచి పాపకు కాళ్ళూ చేతులూ కప్పే బట్టలు వేసి, రాత్రి దోమతెర తప్పనిసరిగా కట్టండి. దోమతెర మీరే తీసుకువెళ్ళండి. తిరిగి వచ్చిన తర్వాత కొన్ని వారాల లోపు ఎవరికి జ్వరం వచ్చినా మామూలు జలుబు జ్వరమని ఊరుకోకుండా, అరకు వెళ్ళి వచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించండి. అక్కడ ఉండగా అవసరం పడితే అరకులో ఏరియా ఆసుపత్రి ఉంది, 108కి ఫోన్ చేయవచ్చు. మీ పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించి, జ్వరం మందు పాప బరువుకు ఎంత మోతాదో రాయించుకుని వెళ్ళండి.

అరకుకు ముందు ఒక్క రాత్రి భీమిలిలో గడపమని నా సలహా. ఊరికి పాతిక ముప్పై కిలోమీటర్లే, ఏది కుదరకపోయినా గంటలో ఇంటికి చేరవచ్చు. ఒకరు పొద్దున బీచ్ రోడ్డు మీదుగా తొట్లకొండ దాకా వెళ్ళి కొండెక్కి దిగి వస్తే కాళ్ళలో ఇంకా ఎంత సత్తువ ఉందో తెలుస్తుంది, ఈలోగా ఇంకొకరు పాపతో ఇసుకలో ఆడుకోవచ్చు. పక్కనే ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం సైకిళ్ళు దింపకండి. అవి రక్షిత భూవారసత్వ స్థలం, చక్రాల జాడల్లో వాన నీరు పారి ఆ మట్టి ఇట్టే కోసుకుపోతుంది. ఆ ఒక్క రాత్రిలో పాప కొత్తచోట నిద్రపోయిందా, మీ వంతు మీకు దక్కిందా, మీవారు ఫోన్ చేయకుండా ఉండగలిగారా అన్నవి చూసుకోండి. నిద్ర కుదరకపోతే అరకును మూడు నెలలు వాయిదా వేయకుండా, రెండు వారాల తర్వాత భీమిలిలోనే ఇంకో రాత్రి ప్రయత్నించండి. మీ వంతు దక్కకపోతే మాత్రం అరకు గది బుక్ చేసే ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, కొండ మీదికి వెళ్ళాక ఆ మాట ఇంకా కష్టమవుతుంది.